ఫీజు కాగితంలో మాటలు అర్థం కావడం లేదు: ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్, మంజూరు, విడుదల, మారటోరియం. ఎవరైనా విడమరచి చెప్తారా?

నకిరేకల్_అక్క
మా తమ్ముడికి ఎప్‌సెట్‌లో 27 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. హైదరాబాద్ శివారులో ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు పడింది. మేం బీసీ. బాపు మార్కెట్ యార్డులో హమాలీ, అమ్మ కూలికి పోతుంది. ఆదాయం సర్టిఫికెట్ 90 వేలకు ఇచ్చారు.

అలాట్‌మెంట్ కాగితంలో ట్యూషన్ ఫీజు 85,000 అని, ఆర్టీఎఫ్ అర్హత ఉందని రాసి ఉంది. కాలేజీకి పోతే ఇంకో కాగితం చేతిలో పెట్టారు. అందులో విద్యార్థి కట్టాల్సింది 50,000 అట. స్పెషల్ ఫీజు వేరే, కాషన్ డిపాజిట్ వేరే, బస్సు వేరే. కింద ఒక హామీపత్రం కూడా ఉంది. "ఆర్టీఎఫ్ మంజూరు కాని పక్షంలో లేదా విడుదల కాని పక్షంలో పూర్తి ఫీజు తల్లిదండ్రులే చెల్లించాలి" అని. దాని మీద బాపుతో సంతకం పెట్టించుకు రమ్మన్నారు.

మంజూరు వేరు, విడుదల వేరా? ఎంటీఎఫ్ అంటే ఏంటి? బ్యాంకులో అడిగితే మార్జిన్, కొలాటరల్, మారటోరియం అని చెప్పి పంపించేశారు. సోమవారం రిపోర్ట్ చేయాలి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మామూలు మాటల్లో చెప్పండి.

పానగల్_పోరడు
అక్కా, ఆర్టీఎఫ్ అంటే మీ తరఫున ప్రభుత్వం కట్టే ట్యూషన్ ఫీజు. మనం ఫీజు రీయింబర్స్‌మెంట్ అనేది దీన్నే. ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్ ఫీజు. అది చదువుకునే పిల్లవాడి ఖర్చులకు, వాడి ఖాతాలో పడేది. ఊర్లో "స్కాలర్‌షిప్ పడ్డదా" అని అడిగితే అది ఎంటీఎఫ్ సంగతే. రెండింటికీ తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో ఒకటే దరఖాస్తు.

50 వేల లెక్క కాలేజీ పుట్టించింది కాదు. బీసీ, ఈబీసీ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్లు) పిల్లలకు ఇంజినీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు. అది దాటితే గరిష్ఠంగా 35,000. మీ 85లోంచి 35 తీస్తే 50.

నకిరేకల్_అక్క
@పానగల్_పోరడు అంటే "అర్హత ఉంది" అంటే మొత్తం ఇస్తారని కాదన్నమాట. అలాట్‌మెంట్ కాగితం మీద ఆ ఒక్క ముక్క పెద్దగా రాస్తే ఎంత బాగుండేది.

దేవరకొండ_గుట్ట
ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఈ ర్యాంకు గొడవ లేదు. కాలేజీకి ఖరారైన ఫీజు మొత్తం వస్తుంది. గురుకులాల్లో, ప్రభుత్వ కాలేజీల్లో చదివి వచ్చిన పిల్లలకు కూడా ర్యాంకు నిబంధన నుంచి మినహాయింపు ఉంది. తమ్ముడు ఇంటర్ ఎక్కడ చదివాడు?

నకిరేకల్_అక్క
ప్రైవేట్‌లోనే అన్నా. గురుకులంలో సీటు రాలేదు.

సూటిగా_మాట్లాడతా
ఆ హామీపత్రం మీద సంతకం పెట్టొద్దు. అంతే. ప్రభుత్వం ఇవ్వకపోతే హమాలీ పని చేసే మనిషి ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? రీయింబర్స్‌మెంట్ అని పేరు పెట్టి పేదోడి నెత్తిన పెట్టడమే ఇది.

కాలేజీ_ఆఫీసులో_పనిచేస్తా
నేను మహబూబ్‌నగర్ వైపు ఒక ప్రైవేట్ కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. @సూటిగా_మాట్లాడతా సంతకం పెట్టొద్దు అనడం తేలికే. పెట్టకపోతే అడ్మిషన్ పూర్తి చేయం అంటారు, సోమవారం గడువు పోతుంది. అప్పుడు సీటు పోగొట్టుకునేది ఆ పిల్లవాడే.

మంజూరు, విడుదల మధ్య ఏం జరుగుతుందో చెప్తాను, అది తెలిస్తే ఆ హామీపత్రం సంగతి అర్థమవుతుంది. పిల్లవాడు ఈపాస్‌లో దరఖాస్తు పెడతాడు. వేలిముద్ర వేస్తాడు. ప్రింట్ తీసి సర్టిఫికెట్లు జత చేసి మాకు ఇస్తాడు. మేం చూసి ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి జిల్లా సంక్షేమ అధికారికి పంపుతాం. అక్కడ సరిచూసి ఒప్పుకుంటే అది మంజూరు. తర్వాత బిల్లు తయారై ట్రెజరీకి పోతుంది, టోకెన్ నంబర్ పడుతుంది. ఆ టోకెన్‌కు డబ్బు వచ్చినప్పుడు విడుదల. మంజూరైన పిల్లల డబ్బు కూడా టోకెన్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడే బకాయిలు పేరుకుపోతాయి. 2025 నవంబరులో ప్రైవేట్ వృత్తివిద్యా కాలేజీలు బంద్ పెట్టింది ఈ బకాయిల గురించే. మా లెక్చరర్లకు జీతం ఇవ్వడానికి కూడా మేనేజ్‌మెంట్ అప్పు తెచ్చిన నెలలున్నాయి.

సూటిగా_మాట్లాడతా
@కాలేజీ_ఆఫీసులో_పనిచేస్తా మీ బాధ నిజమే, కాదనను. కానీ ప్రభుత్వానికీ మేనేజ్‌మెంట్‌కూ మధ్య లెక్క తేలకపోతే దానికి పిల్లవాడి మెమో, టీసీ ఎందుకు ఆపుతారు? మా చెల్లెకు ఉద్యోగం వచ్చింది, సర్టిఫికెట్లు చూపించమన్నారు. కాలేజీ వాళ్లేమో బకాయి వచ్చేదాకా ఇవ్వం అన్నారు. బయట వడ్డీకి తెచ్చి కట్టి విడిపించుకున్నాం. ఆ ఆర్టీఎఫ్ తర్వాత కాలేజీకి పడ్డది. మా డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి మళ్లీ తిరగాల్సి వచ్చింది.

కృష్ణమ్మ_ఒడ్డున
పైన అన్న చెప్పింది చదువుతుంటే కోపం వస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు సరిచూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. అయినా మా క్లాసులో సగం మంది టెన్త్ మెమో ఆఫీసు బీరువాలోనే ఉంది. అడగాలంటే భయం.

వనపర్తి_పాత_బ్యాంకోడు
సంతకం పెట్టాలా వద్దా అనే దానికంటే ఆ వాక్యంలో ఏముందో చూడండి. నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇలాంటి కాగితాలే చూశాను.

"మంజూరు కాని పక్షంలో" అన్నది న్యాయమే. మీరు తప్పుడు సర్టిఫికెట్ పెట్టినా, దరఖాస్తే పెట్టకపోయినా, హాజరు 75 శాతం లేకపోయినా ఆర్టీఎఫ్ రాదు. అప్పుడు ఫీజు మీదే. "విడుదల కాని పక్షంలో" అన్నది వేరే. మంజూరయ్యాక ఆలస్యం ప్రభుత్వానిది, దాంతో మీకు సంబంధం లేదు. ఆ ఒక్క మాట తీసేయమని అడగండి. తీయకపోతే "మంజూరైన మొత్తం ప్రభుత్వం నుంచి వచ్చేవరకు నా నుంచి వసూలు చేయరాదని నా విన్నపం" అని మీ నాన్నగారి సంతకం పక్కనే తెలుగులో రాసి, తేదీ వేసి, ఫొటో తీసి పెట్టుకోండి. ఇంకో మాట. ఏది కట్టినా రసీదులో దేనికి కట్టారో రాయించండి. "ఫీజు" అని ఊరికే రాసిన రసీదు ముందు ముందు పనికిరాదు. "ఆర్టీఎఫ్ నిమిత్తం ముందస్తు చెల్లింపు" అని ఉంటే రేపు తిరిగి అడగడానికి ఆధారం ఉంటుంది.

కాలేజీ_ఆఫీసులో_పనిచేస్తా
@వనపర్తి_పాత_బ్యాంకోడు సార్ చెప్పినట్టు పక్కన రాసి ఇచ్చిన తల్లిదండ్రులను నేను చూశాను. మా దగ్గర అలాగే తీసుకున్నాం. అన్ని కాలేజీలూ తీసుకుంటాయని నేను చెప్పలేను గానీ, అడిగితే పోయేదేం లేదు.

మీసేవ_కల్వకుర్తి
ఆర్టీఎఫ్ ఆగేది ట్రెజరీలో మాత్రమే అనుకోకండి. నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటా. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. లేకపోతే పుట్టిన తేదీ తేడా. ఈపాస్ టెన్త్ హాల్‌టికెట్ నంబర్‌తో వివరాలు తీసుకుంటుంది. ఆధార్‌తో పోల్చినప్పుడు కలవకపోతే అక్కడే ఆగుతుంది. ముందు ఆధార్ సరిచేయించుకోండి, తర్వాతే దరఖాస్తు.

రెండోది బ్యాంకు ఖాతా. ఖాతాకు ఆధార్ ఇచ్చాం కదా అంటారు. ఖాతాకు ఆధార్ ఇవ్వడం ఒకటి, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ)లో మీ ఆధార్‌కు ఆ బ్యాంకు నమోదై ఉండడం ఇంకొకటి. ప్రభుత్వం ఆధార్ మీద వేసే డబ్బు ఎన్‌పీసీఐలో చివరగా ఏ బ్యాంకు నమోదైందో దాంట్లోకే పోతుంది. సిమ్ కొన్నప్పుడు తెలియకుండా తెరిచిన ఖాతాలోకి ఎంటీఎఫ్ పడిపోయిన పిల్లలున్నారు. "నా డబ్బు రాలేదు" అని వస్తారు. చూస్తే వచ్చి ఆర్నెల్లైంది.

పాలమూరు_లెక్కలు
మీసేవ తమ్ముడూ, ఆదాయ పరిమితి ఎంత ఇప్పుడు? మా ఊరు గ్రామ పంచాయతీ, కానీ మా అన్న పట్నంలో కిరాయికి ఉంటాడు.

మీసేవ_కల్వకుర్తి
@పాలమూరు_లెక్కలు ఈపాస్‌లో ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. తహసీల్దార్ ఇచ్చిన మీసేవ సర్టిఫికెట్ నంబరే కావాలి. ఎవరో గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టిన కాగితం నడవదు.

దేవరకొండ_గుట్ట
ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఫీజు కూడా వస్తుందనుకుంటారు. ఈడబ్ల్యూఎస్ సీటు రిజర్వేషన్ కోసం, దానికి 8 లక్షల ఆదాయం దాకా అర్హత. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈబీసీ కింద ఆదాయం 1.5 లేదా 2 లక్షల లోపు ఉండాలి. 5 లక్షల ఆదాయం చూపించి ఈడబ్ల్యూఎస్ సీటు తీసుకుంటే సీటు వస్తుంది, ఫీజు రాదు. మా పక్కింటాయన కౌన్సెలింగ్ అయ్యాక తెలుసుకొని తల పట్టుకున్నాడు.

కృష్ణమ్మ_ఒడ్డున
ఎస్సీ పిల్లల గురించి ఒక మాట. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. కేంద్రం పెట్టిన ఆదాయ పరిమితి 2.5 లక్షలు. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోకే పోవాలన్నది వాళ్ల నిబంధన. అంటే ఫీజు డబ్బు మీ ఖాతాలో పడితే అది బోనస్ కాదు, కాలేజీకి కట్టాల్సిందే. మా హాస్టల్‌లో ఒకమ్మాయి ఇంటి అవసరానికి వాడేసుకుంది, ఇప్పుడు కాలేజీ ఒత్తిడి చేస్తోంది. దాన్ని తప్పు పట్టలేను, ఇంట్లో ఆపరేషన్ ఖర్చు. కానీ ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

పానగల్_పోరడు
కన్వీనర్ కోటా అనే మాట కూడా చెప్పాలి. కౌన్సెలింగ్‌లో ప్రభుత్వం కేటాయించిన సీటుకే ఆర్టీఎఫ్. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదు. స్పాట్ అడ్మిషన్‌కు కూడా రాదు. కౌన్సెలింగ్ అయిపోయాక మిగిలిన సీటు కాలేజీలో నేరుగా తీసుకునేదే స్పాట్. "స్పాట్‌లో చేరు, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అని పీఆర్వోలు ఫోన్ చేస్తారు. నమ్మొద్దు. డిగ్రీకి దోస్త్ ద్వారా చేరేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోండి.

నకిరేకల్_అక్క
ఈ ఫోన్లు మాకు కూడా వచ్చాయి. బాపు దాదాపు ఒప్పుకున్నాడు కూడా.

నా ఇంకో ప్రశ్న మిగిలింది. స్పెషల్ ఫీజు, కాషన్ డిపాజిట్ ఇవన్నీ కట్టాలా?

కాలేజీ_ఆఫీసులో_పనిచేస్తా
@నకిరేకల్_అక్క ప్రతి కాలేజీకీ ఏ కోర్సుకు ఎంత తీసుకోవాలో ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది, ప్రభుత్వం జీవో ఇస్తుంది. మీ 85 వేలు అలా వచ్చిందే. కాషన్ డిపాజిట్ అంటే ల్యాబ్‌లో ఏదన్నా పగిలితే అని తీసుకునే జమ, కోర్సు అయ్యాక తిరిగి అడిగి తీసుకోవాలి. చాలామంది అడగరు. బస్సు మీ ఇష్టం, తప్పనిసరి అంటే ఒప్పుకోవద్దు. హాస్టల్, బస్సు ఏదీ ఆర్టీఎఫ్ కిందికి రాదు. స్పెషల్ ఫీజుకు మాత్రం ఏ జీవో కింద తీసుకుంటున్నారో రాసివ్వమని అడగండి. రాసివ్వమంటేనే కొన్ని అంకెలు తగ్గుతాయి, అది నేను కళ్లారా చూసిందే.

సూటిగా_మాట్లాడతా
ఇలాంటి క్లర్కు ప్రతి కాలేజీలో ఒక్కరుంటే ఈ చర్చ అవసరమే ఉండేది కాదు. నిజంగా అంటున్నా.

వనపర్తి_పాత_బ్యాంకోడు
ఇప్పుడు లోన్ మాటలు. ఏడాదికి 50 వేలు, నాలుగేళ్లకు 2 లక్షలు అనుకుందాం.

కొలాటరల్ అంటే తాకట్టు పెట్టే ఆస్తి. బ్యాంకులన్నీ పాటించే నమూనా పథకంలో 4 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. 7.5 లక్షల వరకు కేంద్రం క్రెడిట్ గ్యారంటీ నిధి ఉంది, దాని కిందికి వచ్చే లోన్‌కూ తాకట్టు, బయటి వాళ్ల జామీను అక్కరలేదు. పట్టాదారు పాసుబుక్ పట్టుకొస్తారు పాపం, వ్యవసాయ భూమిని ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు ఇష్టపడవు. బాకీ పడితే తాకట్టు ఆస్తిని కోర్టుకు పోకుండా బ్యాంకే స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకు.

మార్జిన్ అంటే ఖర్చులో మీరు పెట్టుకోవాల్సిన వాటా. 4 లక్షల వరకు మార్జిన్ లేదు. అది దాటితే దేశంలో చదువుకు 5 శాతం, విదేశాలకు 15 శాతం.

కో-బారోవర్ అంటే మీ నాన్నగారు. ఆయన సాక్షి కాదు, అప్పులో సమాన భాగస్వామి. ఆయన పేరు మీద పంట రుణమో బంగారం లోనో బాకీ పడి ఉంటే సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే అప్పుల చరిత్రలో, కనిపిస్తుంది. ముందు అది సర్దుకోండి.

మారటోరియం అంటే చదివినన్నాళ్లూ, ఆ తర్వాత ఒక ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేని కాలం. వాయిదాలు ఉండవు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇది చాలామంది వినిపించుకోరు. 10 శాతం సాధారణ వడ్డీ అనుకొని లెక్క వేస్తాను. మొదటి ఏడాది తీసుకున్న 50 వేల మీద ఐదేళ్లకు 25,000. రెండో ఏడాది 50 వేల మీద నాలుగేళ్లకు 20,000. తర్వాత 15,000. ఆఖరుది 10,000. మొత్తం 70,000. మారటోరియం ముగిసేసరికి 2 లక్షలు కాస్తా 2,70,000 అయి అక్కడి నుంచి ఈఎంఐ మొదలవుతుంది. అదే 2 లక్షలూ మొదటి రోజే తీసేసుకుంటే వడ్డీ లక్ష అయ్యేది. అందుకే ఏ ఏడాది ఫీజు ఆ ఏడాదే విడుదల చేయించుకోండి. వీలైతే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టండి, తర్వాత భారం చాలా తగ్గుతుంది.

పాలమూరు_లెక్కలు
లెక్క సరిపోయింది సార్, కాగితం మీద వేసి చూశాను.

దేవరకొండ_గుట్ట
ఆ వడ్డీ ప్రభుత్వం కట్టే పథకం ఏదో ఉంది కదా? సబ్సిడీ అంటే అప్పు మాఫీ అనుకొని మా ఊర్లో ఇద్దరు లోన్ తీసుకున్నారు.

వనపర్తి_పాత_బ్యాంకోడు
@దేవరకొండ_గుట్ట మాఫీ కాదు. అసలు మీదే. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, వృత్తి, సాంకేతిక కోర్సులకు మారటోరియం కాలం వడ్డీ మొత్తం కేంద్రం భరిస్తుంది. కాలేజీకి న్యాక్ గానీ, కోర్సుకు ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉండాలి. ఆదాయం సర్టిఫికెట్ బ్యాంకుకు ఇచ్చి, క్లెయిమ్ పెట్టారా లేదా అని మీరే వెంటపడాలి. నకిరేకల్ అమ్మాయి వాళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది, అప్పుడు ఆ 70 వేలు మీ నెత్తిన పడదు.

2024 నవంబరులో ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి వేరు. అందులో ఆదాయం 8 లక్షల వరకు, 10 లక్షల దాకా లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ. కానీ ఎంపిక చేసిన పేరున్న సంస్థలకే. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

సూటిగా_మాట్లాడతా
సార్, ఇవన్నీ రాసుకోవడానికి బాగుంటాయి. మా బ్రాంచిలో "మీ ఊరు మా సర్వీస్ ఏరియా కాదు" అని గేటు దగ్గరే పంపేశారు.

వనపర్తి_పాత_బ్యాంకోడు
సర్వీస్ ఏరియా కారణంతో ఎడ్యుకేషన్ లోన్ కాదనకూడదని రిజర్వ్ బ్యాంక్ ఎప్పుడో చెప్పింది. నోటిమాటగా అడిగితే నోటిమాటగా పంపేస్తారు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. అప్పుడు బ్యాంకు కారణం రాసి తిరస్కరించాలి. రాసిన కారణం మీద, జిల్లాలో బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

బిజినేపల్లి_అమ్మాయి
ఆడపిల్లలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఎవరూ చెప్పలేదు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇస్తుంది, ఏడాదికి 50,000. ఇంజినీరింగ్ లేదా డిప్లొమా మొదటి ఏడాదిలో చేరాలి, లేదా లేటరల్‌గా రెండో ఏడాదిలో. ఆదాయం 8 లక్షల లోపు. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. దివ్యాంగులకు సక్షమ్ అని ఇలాంటిదే. మా కాలేజీలో నోటీసు బోర్డు మీద కూడా పెట్టలేదు, సీనియర్ అక్క చెప్తే తెలిసింది.

పానగల్_పోరడు
ఆ పోర్టల్‌లోనే ఇంటర్ మార్కుల మీద ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో ఉండాలి, ఆదాయం 4.5 లక్షల లోపు. డిగ్రీలో మూడేళ్లు ఏడాదికి 12,000. కానీ ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌గానీ రీయింబర్స్‌మెంట్‌గానీ తీసుకుంటుంటే ఇది రాదు. కనిపించినదానికల్లా దరఖాస్తు పెడితే ఒకటి రద్దయి తలనొప్పి. మీకు ఏది ఎక్కువ వస్తుందో లెక్క చూసుకొని ఒకటే పెట్టండి.

పర్సెంటైల్ అంటే శాతం కాదు. మీ బోర్డులో పరీక్ష రాసినవాళ్లలో మీ స్థానం.

మిర్యాలగూడ_నాన్న
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. మా అమ్మాయి ఎంఎస్‌కు అమెరికా పోతానంటోంది. యూనివర్సిటీ సైట్లలో ఫాఫ్సా, ఎస్ఏఐ, వర్క్ స్టడీ అని రాసి ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు "ఫాఫ్సా మేం నింపిస్తాం, ఇంత ఇవ్వండి" అంటున్నారు.

ఒహాయోలో_నల్లగొండ
@మిర్యాలగూడ_నాన్న ఒక్క రూపాయి ఇవ్వొద్దు బాబాయ్. ఫాఫ్సా అనేది అమెరికా ప్రభుత్వ సాయానికి పెట్టే దరఖాస్తు. అది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు లాంటి అర్హత ఉన్నవాళ్లకే. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చే మన పిల్లలకు వర్తించదు. దరఖాస్తు కూడా ఉచితం, ఎవరికీ డబ్బు ఇచ్చే పనే లేదు. ఎస్ఏఐ అంటే కుటుంబం ఎంత భరించగలదో వేసే సూచిక. 2024-25 నుంచి పాత ఈఎఫ్‌సీ స్థానంలో వచ్చింది. పెల్ గ్రాంట్, వర్క్ స్టడీ, సబ్సిడైజ్డ్ లోన్ ఇవన్నీ ఆ దరఖాస్తు మీద నడిచేవే.

అమ్మాయి చూడాల్సిన మాటలు వేరు. అసిస్టెంట్‌షిప్ అంటే ప్రొఫెసర్ దగ్గర బోధనలోనో పరిశోధనలోనో పని చేస్తే జీతం, చాలాచోట్ల ట్యూషన్ వేవర్ కూడా. వేవర్ అంటే ఆ ఫీజు అసలు అడగరు. అది ముందు ఆఫర్ లెటర్‌లో రాసి ఉంటేనే నమ్మాలి. "చేరాక దొరుకుతుంది" అంటే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ అని ఉండే అంకె ఫీజు ఒక్కటే కాదు, ఉండడం, తినడం, ఇన్సూరెన్స్ కలిపి. ఆ మొత్తానికే మీరు డబ్బు చూపించాలి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు, దాంతో ట్యూషన్ కట్టేయొచ్చు అని ఎవరైనా చెప్తే అది అబద్ధం.

మిర్యాలగూడ_నాన్న
బతికించావు. మరి మన ప్రభుత్వం ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్?

ఒహాయోలో_నల్లగొండ
అది మనదే. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరున, మైనారిటీలకు వేరేగా ఉంది. ఈపాస్ ద్వారానే దరఖాస్తు. 20 లక్షల వరకు, ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి. ఒకేసారి చేతికి రాదు, ఇక్కడికి చేరాక కొంత, మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత కొంత. అంటే బయలుదేరడానికి మీ దగ్గర డబ్బు ఉండాల్సిందే. దాని మీద నమ్మకంతో అప్పు చేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నకిరేకల్_అక్క
అందరికీ చాలా థాంక్స్. ఇవాళ తమ్ముడితో మళ్లీ కాలేజీకి పోయాను. పాత బ్యాంక్ సార్ చెప్పినట్టు బాపు సంతకం పక్కన ఆ వాక్యం నేనే రాశాను. కౌంటర్‌లో ఆయన "ఇలా రాయకూడదమ్మా" అన్నాడు, లోపలికి పోయి అడిగి వచ్చి తీసుకున్నాడు. స్పెషల్ ఫీజుకు జీవో అడిగితే రేపు చెప్తామన్నారు. బస్సు వద్దన్నాం. రసీదులో "ట్యూషన్ ఫీజు, విద్యార్థి వాటా, మొదటి ఏడాది" అని రాయించాం.

లోన్‌కు విద్యాలక్ష్మిలో పెట్టాం. ఆధార్‌లో వాడి ఇంటిపేరు తేడా ఉంది, మీసేవ తమ్ముడు చెప్పకపోతే చూసేవాళ్లమే కాదు. ఇక ఈపాస్ ఒక్కసారి పెడితే నాలుగేళ్లూ వస్తుందా?

మీసేవ_కల్వకుర్తి
@నకిరేకల్_అక్క లేదక్కా. ఈ ఏడాది పెట్టేది ఫ్రెష్. వచ్చే ఏడాది నుంచి రెన్యువల్, ప్రతి ఏడాదీ పెట్టాలి, గడువు చూసుకోవాలి. కాలేజీ వాళ్లే పెడతారులే అని కూర్చునే పిల్లలు ఎక్కువ.

కృష్ణమ్మ_ఒడ్డున
డిటెయిన్ అయితే? మా ఫ్రెండ్‌కు క్రెడిట్లు తక్కువై రెండో ఏడాది మళ్లీ చదవాల్సి వస్తోంది.

కాలేజీ_ఆఫీసులో_పనిచేస్తా
@కృష్ణమ్మ_ఒడ్డున ఒకసారి ఇచ్చిన ఏడాదికి మళ్లీ ఇవ్వరు. తిరిగి చదివే ఏడాది ఫీజు సొంతంగా కట్టుకోవాలి. మూడో ఏడాదికి ప్రమోట్ అయ్యాక రెన్యువల్ పెట్టుకోవచ్చు. మధ్యలో గ్యాప్ ఎందుకు వచ్చిందో కాలేజీ నుంచి కాగితం తీసుకొని దరఖాస్తుకు జత చేయమను. డిగ్రీ అయ్యాక ఇంకో డిగ్రీ చేస్తే కూడా ఇంతే, ఒక స్థాయి కోర్సుకు ఒకసారే.

కృష్ణమ్మ_ఒడ్డున
సరే, ఇవాళే చెప్తాను. దానికి సప్లిమెంటరీ రాసే అవకాశం ఇంకా ఉంది, క్రెడిట్లు కలుస్తాయేమో చూస్తుంది.